నాన్నకి దాహం వెయ్యదు

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం నాన్న నన్ను అమ్మ పేరుతో పిలిచారు. అమ్మ పోయి నాలుగేళ్లు దాటింది. వంటింట్లోంచి వచ్చి "నేను నాన్నా" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "రెండో షిఫ్టు సైరన్ అయిపోయిందా?" అని అడిగారు. ఆయన షిప్‌యార్డులో పైప్ ఫిట్టర్‌గా రిటైరై 19 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటుకి రైతుబజారు గోల వినిపిస్తుంది గానీ సైరన్ ఎక్కడిది!

అప్పటికి వారం రోజులుగా మనిషి తేడాగానే ఉన్నారు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకోవడం, కంచం ముందు కూర్చుని కునికిపాట్లు పడటం, బాత్రూమ్‌కి వెళ్తూ గోడ పట్టుకోవడం. ఎదురు ఫ్లాటావిడ శ్రీకాకుళం వైపు మనిషి. "ఏటమ్మా, నాన్నగారు ఇలాగైపోనారు" అని నొచ్చుకుంది. హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోన్‌లో, "వయసైపోయింది కదక్కా, మనమే మెంటల్‌గా రెడీ అవ్వాలి" అన్నాడు. దగ్గర్లో చూపించిన డాక్టరుగారు బీపీ చూసి, "77 కదమ్మా" అని జ్ఞాపకశక్తికి ఒక మాత్ర రాశారు. అందరూ ఒకే మాట అనేసరికి నేనూ నమ్మేశాను. ఆ రాత్రి మతిమరుపు జబ్బు గురించి ఫోన్‌లో చదువుకుంటూ ఏడ్చాను కూడా.

మర్నాడు మంచం దిగుతూ పడ్డారు. ఆసుపత్రిలో రక్తం తీస్తే సోడియం 119. ఉండాల్సింది 135కీ 145కీ మధ్య. "ముందు ఉప్పు సంగతి చూద్దామండీ, వయసు సంగతి తర్వాత" అంది డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ.

సోడియం తక్కువుంది కదాని గబగబా ఎక్కించెయ్యకూడదట. రోజుకి 8 పాయింట్లు, మహా అయితే 10. అంతకు మించి పెరిగితే మెదడులో నరాల మీదుండే పొర దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని గంటలు లెక్కపెట్టుకుంటూ, రక్తం తీసి చూసుకుంటూ మెల్లగా పెంచారు. ఐదో రోజు పొద్దున్న నేను వెళ్లేసరికి నాన్న మంచం మీద కూర్చుని నర్సమ్మకి 'జల ఉష' కథ చెప్తున్నారు. 1948లో నెహ్రూ వచ్చి ఆ ఓడని వైజాగ్ నీళ్లలోకి దింపడం, అదే ఏడు తను పుట్టడం, కాబట్టి ఆ ఓడా తనూ ఒక ఈడు వాళ్లు కావడం. చిన్నప్పటి నుంచి విని విని మాకు విసుగొచ్చిన కథ. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నిలబడి చివరిదాకా విన్నాను.

అప్పటి నుంచి ఎవరైనా "వయసు కదా" అంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఏమీ అడగరు. వయసుతో ఒంట్లో ఏమీ మారదని నేను వాదించడం లేదు. చాలానే మారుతుంది. కానీ డ్రమ్ములో నీళ్లు అడుగంటినట్టు హార్మోన్లు అడుగంటుతాయి, చెట్టు ఆకుల్లా మెదడు కణాలు రాలిపోతాయి అని మన బుర్రల్లో ఒక బొమ్మ ఉంది చూశారూ, తగాదా దానితో. హార్మోన్ చేసేదీ నరం చేసేదీ ఒకటే పని, కబురు మొయ్యడం. పెద్దతనంలో చాలాసార్లు పాడయ్యేది ఆ కబురు. ఆలస్యంగా వస్తుంది, లేదా వచ్చినా అందుకోవాల్సినవాళ్లు అందుకోరు. మా ఇంట్లో 77 ఏళ్ల నాన్న, 55 ఏళ్ల మావారు, 49 ఏళ్ల నేను ఒకే కప్పు కింద మూడు రకాలుగా పెద్దవాళ్లమవుతున్నాం కాబట్టి చూడటానికి నాకు వేరే చోటుకి వెళ్లక్కర్లేకపోయింది.

నాన్న ఎండాకాలంలో కూడా మంచినీళ్లు అడగరు. వైజాగ్ ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. విజయవాడ ఎండతో పోలిస్తే ఇక్కడి ఎండ నయమే, కానీ గాలిలో తేమకి చెమట ఆరదు. పది గంటలకల్లా చొక్కా పిండుకోవచ్చు. అంత చెమట పోతున్నా "దాహం వెయ్యట్లేదమ్మా" అంటారు. మొండితనం అనుకునేదాన్ని.

1984లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగం ఉంది. 67 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న, ఆరోగ్యంగా తిరుగుతున్న ఏడుగురు మగవాళ్లనీ, 20 నుంచి 31 ఏళ్ల ఏడుగురు కుర్రాళ్లనీ 24 గంటలు నీళ్లు ఇవ్వకుండా ఉంచారు. రక్తంలో సోడియం ఎక్కువ పెరిగింది పెద్దవాళ్లకే. దాహం తక్కువ వేసిందీ పెద్దవాళ్లకే. తర్వాత నీళ్లు ముందు పెట్టినా సరిపడా తాగలేదు. ఇక్కడిదాకా ఊహించగలిగేదే. నన్ను ఆపేసింది వాసోప్రెసిన్ సంగతి. "నీళ్లు తక్కువగా ఉన్నాయి, మూత్రంలో వదిలెయ్యకు" అని మెదడు కిడ్నీకి పంపే హార్మోన్ అది. ముసలి ఒంట్లో అది తగ్గిపోయి ఉండాలి కదా? కుర్రాళ్లకన్నా పెద్దవాళ్లలోనే ఎక్కువ పెరిగింది. అంత పెరిగినా వాళ్ల కిడ్నీలు మూత్రాన్ని కుర్రాళ్లంతగా చిక్కబరచలేకపోయాయి. పంపేవాడు గొంతు చించుకుంటున్నాడు, వినేవాడికి చెవుడొచ్చింది.

ఇప్పుడు నా ఘనకార్యం. పెద్దవాళ్లకి దాహం తెలియదని ఎక్కడో సగం చదివి, ఏప్రిల్ నుంచి నాన్న చేత గంటకో గ్లాసు లెక్కన మంచినీళ్లు తాగించడం మొదలుపెట్టాను. రోజుకి నాలుగు లీటర్లు. బీపీ ఉంది కదాని కూరలన్నీ చప్పిడి, మజ్జిగలో ఉప్పు లేదు, చోడంబలిలో (రాగి అంబలిలో) ఉప్పు లేదు. ఆయన వేసుకునే బీపీ మాత్రలో ఉప్పుని మూత్రంలోకి తోసేసే మందు కలిసుంది. చెమటలో పోయేది ఎలాగూ పోతోంది. పాతికేళ్ల కిడ్నీ అయితే ఎక్కువైన నీళ్లని బయటికి తోసి, ఉప్పుని పట్టి ఉంచి ఎలాగో సర్దుకునేది. 77 ఏళ్ల కిడ్నీ ఆ రెండు పనుల్లోనూ నిదానమే. ఉప్పు పల్చబడి, నీరు మెదడు కణాల్లోకి చేరి, అవి ఉబ్బి, నాన్నకి నేను అమ్మలా కనబడ్డాను. అందరం వయసు మీద తోసేసిన దాంట్లో నా వాటా కూడా ఉంది, ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. (ఇది చదివి ఎవరూ బీపీ మాత్ర మానెయ్యకండి. నాన్నకి మార్చింది డాక్టరు, నేను కాదు.)

ఇంటికొచ్చాక ఈ కథంతా చెప్తే ఆయన కోప్పడలేదు. "గేజ్ పని చెయ్యట్లేదని తెలిస్తే కొత్త గేజ్ బిగించాలి గానీ, అందాజా మీద వాల్వు తిప్పేస్తారా?" అన్నారు.

మెదడు కణాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మా తమ్ముడు ఇప్పటికీ నమ్మడు. డెన్మార్క్‌లో చనిపోయినవాళ్ల మెదళ్లని తీసుకుని, పై పొరలోని న్యూరాన్లని జాగ్రత్తగా లెక్కగట్టి 1997లో అచ్చేశారు. 20 ఏళ్ల నుంచి 90 ఏళ్ల దాకా తేడా సుమారు 10 శాతం. అంతే. వేగం తగ్గుతుంది, పేరు గుర్తుకు రావడానికి నిమిషం పడుతుంది, నరాల మీది పొర పల్చబడి సంకేతాలు నెమ్మదిగా నడుస్తాయి. ఇవన్నీ నిజమే. కానీ అవి ఏళ్ల మీద జరిగేవి. వారం రోజుల్లో మనిషి మారిపోతే దాని వెనక సోడియమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, కొత్తగా మొదలెట్టిన మాత్రో ఏదో ఉంటుంది. నేను అప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఎప్పటి నుంచి?" అన్నదొక్కటే. ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఇక నా భాగోతం. వైజాగ్‌లో ముట్లుడిగే ఆడదానికి ఒక సౌకర్యం ఉంది, ఎవరూ కనిపెట్టలేరు. ఊరందరికీ చెమటలే కదా. దాదాపు ఏడాది పాటు నాకే తెలియలేదు. గుండెల దగ్గర మొదలై మెడ, చెవులు, మాడు దాకా సెగ పాకేది. ఉక్కపోత అనుకుని ఏసీ పెంచుకునేదాన్ని. డిసెంబరులో అరకు వెళ్లాం. ఆడపడుచులందరూ శాలువాలు కప్పుకుని మంట చుట్టూ చేరితే, నేను స్వెటర్ విప్పేసి వరండాలో చెమటలు తుడుచుకుంటున్నాను. అప్పుడు వెలిగింది.

మన దేశంలో ఆడవాళ్లకి ముట్లు సగటున 46, 47 ఏళ్లకే ఉడుగుతాయి. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారీ ఆపేస్తాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఊరుకోదు, "ఏమైంది, పంపరేం?" అని ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ని కుమ్మరిస్తుంది. నా రిపోర్టులో అది మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వయసంటే హార్మోన్లు తగ్గడం అనేవాళ్లు ఈ ఒక్క కాగితం చూసినా చాలు. ఆ సెగ సంగతి ఇంకా విచిత్రం. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో కొన్ని న్యూరాన్లకి ఈస్ట్రోజన్ కళ్లెంలా పనిచేస్తుంది. కళ్లెం ఊడగానే అవి రెచ్చిపోయి, పక్కనే ఉన్న ఉష్ణోగ్రత కేంద్రాన్ని కుదిపేస్తాయి. ఒళ్లు వేడెక్కకుండానే వేడెక్కిందన్న కబురు వెళ్తుంది. చర్మంలో రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమట పోస్తుంది. మంట లేకుండా మోగే ఫైర్ అలారం అన్నమాట. ఆ న్యూరాన్ల కబురుని మధ్యలో అడ్డుకునే మందు ఫెజోలినెటాంట్‌కి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అందులో హార్మోన్ అనేదే లేదు. ఈ సెగలు ఆరు నెలల్లో పోతాయని మా అత్తగారు ధైర్యం చెప్పారు గానీ, అమెరికాలో వెయ్యి మందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన అధ్యయనంలో తరచుగా సెగలు వచ్చేవాళ్లలో సగం మందికి అవి 7.4 ఏళ్లకి పైనే ఉన్నాయి.

హార్మోన్ మాత్రలంటే మన ఇళ్లలో ఒకటే భయం, క్యాన్సర్. ఆ భయానికి 2002లో ఒక తేదీ ఉంది. అమెరికాలో 16 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద జరుగుతున్న పెద్ద పరీక్షని ఆ ఏడు మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు రకాల హార్మోన్లు కలిపి తీసుకున్నవాళ్లలో ఏడాదికి ప్రతి 10 వేల మందిలో 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. వార్త ప్రపంచమంతా పాకింది. ఆ పరీక్షలో ఉన్నవాళ్ల సగటు వయసు 63 అన్న ముక్క మాత్రం పాకలేదు. ముట్లుడిగిన పదేళ్లలోపు, 60 దాటకముందు, వేరే ముప్పులు లేనివాళ్లు మొదలుపెడితే మేలే ఎక్కువని తర్వాత తేలింది. నేను గైనకాలజిస్టుతో రెండుసార్లు కూర్చుని మాట్లాడుకుని, మా వంశంలో ఎవరికేమున్నాయో చెప్పి, తక్కువ మోతాదులో మొదలుపెట్టాను. కబురు కబురని ఇంత చెప్పి మళ్లీ హార్మోనే వాడుతున్నావేమిటి అని మావారు పట్టుకున్నారు. న్యాయమైన ప్రశ్నే. నా విషయంలో పంపేవాళ్లు నిజంగానే దుకాణం కట్టేశారు, కాబట్టి బయటి నుంచి పంపితే పని జరుగుతుంది. నాన్న విషయంలో అలా కాదు. ఏ లంకె తెగిందో చూడకుండా అందరికీ ఒకటే మందు, అందరికీ ఒకటే "వయసు కదా" అనడం దగ్గరే నా పేచీ.

ఆ ప్రశ్న వేసిన మావారే, నెల తిరక్కుండా ఒక క్లినిక్ నుంచి మగతనం ప్యాకేజీ కాగితం పట్టుకొచ్చారు. షిఫ్టు డ్యూటీ, నిద్ర లేదు, పొట్ట వచ్చింది, నీరసం. వాళ్లు నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషికి సాయంత్రం ఐదున్నరకి రక్తం తీసి, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తక్కువుందని ఆరు ఇంజెక్షన్లు రాశారు. అది పొద్దున్న ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉండే హార్మోన్. అందుకే పొద్దున్నే, అదీ రెండు వేర్వేరు రోజుల్లో చూస్తేగానీ తక్కువని తేల్చకూడదు. మగవాళ్లకి ఇది ఆడవాళ్లలా ఒక్కసారిగా ఆగిపోదు, 30, 40 దాటాక ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున జారుతుంది. నిద్రలేమి, పొట్ట దాన్ని ఇంకా తొక్కేస్తాయి. పైగా బయటి నుంచి పొడిస్తే పిట్యూటరీ ఆదేశాలు ఆపేస్తుంది, సొంత తయారీ మూతపడుతుంది.

ఈ వ్యాపారం కొత్తది కాదు. 1889లో బ్రౌన్ సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త, 72 ఏళ్లవాడు, పారిస్‌లో ఒక సభలో లేచి, కుక్కల, గినీ పందుల వృషణాల రసం పొడిపించుకున్నానని, తనకి పడుచుతనం తిరిగొచ్చిందని చెప్పాడు. ఎంత బరువు ఎత్తగలుగుతున్నాడో చెప్పాడు, మూత్రధార ఎంత దూరం పడుతోందో కూడా కొలిచి చెప్పాడు. నీళ్లతో తీసిన ఆ రసంలో హార్మోన్ ఉండేదే దాదాపు సున్నా. అంటే ఆయనకి ఎక్కింది నమ్మకం. అయిదేళ్లకి పోయాడు. ఇంత చెప్పినా మావారు "అప్పటి మందు వేరు, ఇప్పటి మందు వేరు" అన్నారు. ఇప్పటిది కూడా చూశాం. 65 దాటి, టెస్టోస్టెరాన్ నిజంగానే తక్కువున్న 790 మంది మీద చేసిన పరీక్షల ఫలితాలు 2016లో, ఆ తర్వాత వచ్చాయి. శృంగారం విషయంలో కొంత మెరుగు, నీరసానికి చెప్పుకోదగ్గ గుణం లేదు, జ్ఞాపకశక్తికి అసలే లేదు. మావారికి సెలవు రోజుల్లో, బాగా నిద్రపోయాక, పొద్దున్నే రెండుసార్లు చేయిస్తే రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఇంజెక్షన్ల డబ్బు మిగిలింది. పొట్ట కూడా మిగిలింది, అది వేరే కథ.

థైరాయిడ్ గురించి ఒక్క మాట. 65 దాటినవాళ్లలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచెయ్యమని పిట్యూటరీ పంపే హార్మోన్) కాస్త ఎక్కువగా ఉండటం వయసుతో వచ్చే మార్పే కావచ్చు. అలా కొద్దిగా పెరిగిన 737 మందికి మాత్ర ఇచ్చి చూస్తే నీరసంలో తేడా ఏమీ రాలేదని 2017లో తేలింది. రిపోర్టులో ఎర్ర అక్షరం కనిపించగానే మాత్ర పడాలని లేదు.

నిద్ర దగ్గర మాత్రం నాన్న నా మాట వినరు. తెల్లవారుజాము మూడున్నరకి లేచి కూర్చుంటారు. ఒంట్లో గడియారం ముందుకి జరుగుతుంది, రాత్రయిందని చెప్పే హార్మోన్ మెలటోనిన్ రాత్రిపూట మునుపటంత పొంగదు, కంటి కటకం పసుపు తిరిగి ఆ గడియారాన్ని దిద్దే నీలి వెలుగుని లోపలికి రానివ్వదు. వీటన్నిటికీ తోడు ఐదింటికల్లా ఆర్కే బీచ్. వైజాగ్‌లో పొద్దు త్వరగా పొడుస్తుంది. కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా సూర్యుడు నీళ్లలోంచి లేస్తుంటే సగం ఊరి పెద్దవాళ్లు అక్కడే ఉంటారు, నిద్ర పట్టట్లేదని ఒకరికొకరు చెప్పుకుంటూ. తెల్లవారుజామున కళ్లలో పడే వెలుగు గడియారాన్ని ఇంకా ముందుకి నెడుతుంది. మూడింటికే మెలకువ వచ్చేవాళ్లు సాయంత్రపు వెలుగులో నడిస్తే మంచిది. చెప్పాను. "సాయంత్రం బీచ్‌లో మిరపకాయ బజ్జీలు తప్ప మనుషులెవరుంటారు?" అన్నారు. స్నేహితులు ముఖ్యమే, ఆ వాదనలో నేను ఓడిపోయాను.

మంచం దిగుతూ పడటం సంగతి ఒక్కటి వదల్లేను. లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. మెడలోని నాడులు అది పసిగట్టి రెండు క్షణాల్లో గుండెకి చెప్పాలి. పెద్దతనంలో ఆ కబురూ ఆలస్యమే. పడుకున్నప్పుడు చూసిన పై బీపీ నిలబడ్డ మూడు నిమిషాల్లో 20 పడిపోతే అది జబ్బు కింద లెక్క. అన్ని ఏళ్లుగా నాన్న బీపీ అందరూ కూర్చోబెట్టే చూశారు, నిలబెట్టి ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పదిసార్లు ఆడించి లేస్తున్నారు. పొద్దున్నా సాయంత్రం చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసిసార్లు లేస్తున్నారు. మొదట వద్దన్నారు, "ఈ వయసులో కండలా" అని. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్లున్న పదిమంది చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారని చెప్పాను. పూర్తి చేసిన తొమ్మిది మందికి బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ మాత్రం 9 శాతమే. మిగతాదంతా ఎక్కడి నుంచి వచ్చిందని అడిగారు. నరాలు కండని పిలవడం మళ్లీ నేర్చుకున్నాయి అన్నాను. కాస్త ఆలోచించి, కుర్చీ గోడకి ఆనించి వేసుకున్నారు.

జూన్‌లో ఆయనే పాత డైరీ ఒకటి తీసి, షిప్‌యార్డు లాగ్‌బుక్కులా స్కేలుతో గీతలు గీశారు. తేదీ, కూర్చున్న బీపీ, నిలబడ్డ బీపీ, నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, బరువు. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం గ్లాసు నింపుకుని, తాగి, టిక్కు పెడతారు. చివర 'దాహం' అని ఒక గడి ఉంది. జూన్ నుంచి నిన్నటి దాకా ప్రతి రోజూ అందులో 'లేదు' అనే ఉంది.

నిన్న రాత్రి పేజీ తిప్పి చూస్తే పక్కన కొత్త గడి కనబడింది. నా పేరు రాసి, కింద పెన్సిల్‌తో: 'సెగ: 2 సార్లు. 11.10, 4.25. ఫ్యాన్ ఐదులో పెట్టింది. నాకు చలేసింది.'